పిండి తేలితేనే తమాలే: శాన్ ఆంటోనియో వంటింటి ప్రాజెక్టు డైరీ

నవంబరు చివరి ఆదివారం

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉన్న శాన్ ఆంటోనియోలో నవంబరు చివరికి వచ్చేసరికి మెక్సికన్ దుకాణాల రూపు మారిపోతుంది. గుమ్మంలోనే ఎండిన మొక్కజొన్న ఆకుల కట్టలు, గువాహీయో మిరపకాయల సంచులు, పంది కొవ్వు డబ్బాలు, నడుము ఎత్తు ఆవిరి పాత్రలు. డిసెంబరు 24 రాత్రి తమాలేలు లేని ఇల్లు ఈ ఊళ్లోని మెక్సికన్ కుటుంబాల్లో అరుదు. డజన్ల లెక్కన అమ్మేవాళ్ల ముందు వరసలు కడతారు. ఈసారి వరసలో నిలబడకుండా, గింజ దగ్గర నుంచి మొదలుపెట్టి ఇంట్లోనే చేయాలని మా నిర్ణయం.

తెలియనివారి కోసం: సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి, ఆ పిండిని కొవ్వుతో కలిపి గిలక్కొట్టి, ఆకు మీద పరిచి, మధ్యలో కూర పెట్టి, మడిచి, ఆవిరి మీద ఉడికించేది తమాలే. కోనసీమలో పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వండేవారికి పద్ధతి చెప్పక్కర్లేదు. ఆ పిండిని మాత్రం మనవాళ్లు ఎన్నడూ పట్టుకుని ఉండరు. దాన్ని మసా అంటారు.

తమాలే అనగానే అందరూ అడిగేది లోపల ఏం పెట్టారని. నా మటుకు అది రెండో ప్రశ్న. కూర బాగుండి మసా గట్టిపడితే నోట్లో మట్టిగడ్డ. మసా కుదిరితే కూర లేకపోయినా తినవచ్చు. అందుకే ఈ డైరీలో ఎక్కువ భాగం పిండి గురించే.

ఇంటి పరిస్థితి: రాజమండ్రి నుంచి అమ్మ వచ్చి ఉంది, శాకాహారి. మా ఆవిడ, నేను అన్నీ తింటాం. కనుక రెండు రకాల మసా, రెండు పాత్రలు, రెండు గరిటెలు. గురుస్థానంలో పక్కింటి పెద్దావిడ. మోంతెర్రేయ్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఉత్తర మెక్సికోలో తమాలేలు చేతి వేలంత సన్నంగా, పిండి తక్కువ, కూర ఎక్కువగా చేస్తారు. అంటే పిండి విషయంలో ఆవిడకూ నాకూ మొదటి నుంచే పేచీ.

ఆరంభం ప్యాకెట్ పిండితో. మాసేకా వంటి సంస్థలు సున్నంలో ఉడికిన మొక్కజొన్నను ఎండబెట్టి పొడి చేసి అమ్ముతాయి. తమాలేలకు కొంచెం బరకగా ఉండే రకం వేరే ఉంటుంది. 500 గ్రాముల పిండి, 700 మిల్లీలీటర్ల గోరువెచ్చని రసం (మన చారు కాదు, మాంసమో కూరగాయలో ఉడికించిన నీళ్లు), 230 గ్రాముల కొవ్వు, ఉప్పు, రెండు చెంచాల బేకింగ్ పౌడర్. గంటన్నరలో తినదగిన తమాలే తయారైంది. వాసన మాత్రం అట్టపెట్టెను గుర్తుచేసింది. కొత్తవాళ్లకు ఇది చక్కటి దారి, సందేహం లేదు. కానీ దుకాణంలో కార్న్‌ఫ్లోర్ అనో మొక్కజొన్న పిండి అనో కనబడేదాన్ని తెచ్చి మసా చేద్దామనుకుంటే కుదరదు. సున్నం తగలని పిండి ముద్ద కట్టదు.

డిసెంబరు మొదటి వారం: సున్నం

కిలో తెల్ల మొక్కజొన్న గింజలు. స్వీట్ కార్న్ పనికిరాదు, బాగా ముదిరి ఎండిన పొలం రకం కావాలి. మూడు లీటర్ల నీళ్లలో 10 గ్రాముల సున్నం, అంటే గింజ బరువులో నూటికి ఒక వంతు. తాంబూలంలో రాసుకునేదీ ఇదే పదార్థం, కాల్షియం హైడ్రాక్సైడ్. డబ్బాలో తడిగా ఉండే తాంబూలం సున్నాన్ని తూచడం కష్టం కాబట్టి పచ్చళ్ల కోసం అమ్మే ఆహారపు సున్నం పొడి తీసుకున్నాను. గోడలకు వేసే సున్నం జోలికి పోవద్దని వేరే చెప్పాలా!

సున్నం పడగానే తెల్ల గింజలు పసుపు రంగుకు తిరుగుతాయి. సన్నని సెగ మీద నలభై నిమిషాలు ఉడికించి, మూత పెట్టి, రాత్రంతా వదిలేశాను. తెల్లారి నీళ్లు జిగటగా, తేనె రంగులో ఉన్నాయి. వంటింట్లో వర్షానికి తడిసిన కొత్త గోడ వాసన. గింజను వేళ్ల మధ్య నులిమితే పైపొర జారి పోతోంది. కొరికి చూస్తే నడిమధ్యలో ఆవగింజంత తెల్లని చుక్క మిగిలింది. అదే గుర్తు. ఆ చుక్క కూడా మాయమైతే ఎక్కువ ఉడికినట్టు. ఇలా తయారైన గింజే నిష్టమాల్. నాలుగైదు నీళ్లలో కడిగి, పొట్టంతా రుద్ది తీసేశాం. అమ్మ మినప్పప్పు కడిగే ఒడుపుతో జల్లెడ తిప్పుతుంటే పొట్టు నీళ్ల మీదికి తేలివచ్చింది. తమాలేలకు పొట్టు ఎంత పోతే పిండి అంత తెల్లగా వస్తుంది.

సున్నం చేసే పని పొట్టు ఊడదీయడంతో ఆగదు. గింజలో బిగుసుకుని ఉన్న నియాసిన్ అనే విటమిన్‌ను శరీరం తీసుకోగలిగేలా విడిపిస్తుంది. మొక్కజొన్న ఐరోపాకు వెళ్లింది కానీ సున్నం దాని వెంట వెళ్లలేదు. 1735లో స్పెయిన్‌లోని అస్తూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు పేద రైతుల్లో ఒక కొత్త జబ్బును గమనించాడు. ఎండ తగిలిన చోట చర్మం గరుకై నల్లబడటం, విరేచనాలు, ముదిరితే మతి చలించడం. అదే పెల్లాగ్రా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ అది విజృంభించింది. 1914లో ప్రభుత్వం పంపిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్, అది అంటువ్యాధి కాదు, తిండిలోని లోపమని నిరూపించాడు. మెక్సికోలో తరతరాలుగా మొక్కజొన్నే తిన్నవారిని ఈ పిడికెడు సున్నం కాపాడింది.

ఇదేదో దూరదేశపు కథ అనుకోనక్కర్లేదు. దక్కనులో జొన్నలే ప్రధానాహారంగా బతికిన పేదల్లోనూ పెల్లాగ్రా ఉండేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్ బృందం దాన్ని అధ్యయనం చేసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఇందులో పాత్ర ఉందని 1960లో ప్రతిపాదించింది. మొక్కజొన్న మన పొలాల్లోకీ వచ్చింది, ఇవాళ విస్తారంగా పండుతోంది, అందులో పెద్ద భాగం కోళ్ల మేతకు పోతోంది. మనిషి తినే గింజగా దాని విలువ పెంచే కిటుకు సున్నంలో ఉంది. ఇంటింటా సున్నం డబ్బా ఉన్న మన దగ్గర ఆ రెండూ కలవకపోవడం నాకు వింతగానే తోస్తుంది.

అదే వారం, శనివారం: రుబ్బడం

మెక్సికోలో వీధికొక మర ఉంటుంది, నిష్టమాల్ బకెట్టు ఇస్తే క్షణాల్లో మసా చేతికొస్తుంది. దానికి ముందు మెతాతే అనే రాతి మీద మోకాళ్లపై కూర్చుని ఆడవాళ్లు గంటల తరబడి నూరేవారు. మా ఇంట్లో ఉన్నది ఇడ్లీ పిండి రుబ్బే రాతి గ్రైండర్. అమెరికాలో ఈ పని నేర్చుకుంటున్నవారిలో చాలామంది మన గ్రైండర్లనే కొంటున్నారని విన్నాక అదే నమ్ముకున్నాను.

గ్రైండర్ స్వభావం తమాలేలకు సగమే సరిపోతుంది. నిష్టమాల్ గట్టి సరుకు. నీళ్లు తగినన్ని పోయకపోతే ముద్ద రాళ్ల కింద పడకుండా పక్కకు చేరి అక్కడే తిరుగుతూ ఉంటుంది. నీళ్లు పోస్తే బ్రహ్మాండంగా నలుగుతుంది కానీ గారెల పిండిలా తయారై ఆకు మీద నిలవదు. దానికి ప్యాకెట్ పిండి రెండు గుప్పిళ్లు కలిపితే దారికొచ్చింది. రుచిలో ఎక్కువ భాగం తాజా గింజదే. అయితే తమాలేల మసా మరీ మెత్తగా ఉండనక్కర్లేదు, రవ్వరవ్వగా ఉంటేనే లోపల ఆవిరికి సందు దొరుకుతుంది. అందుకని బల్లకు బిగించే ఇనుప చేతిమర ఒకటి తెచ్చాం. ఒకసారి వేస్తే బరక, రెండోసారి వేస్తే తమాలేకు సరి. నీళ్ల చుక్క అక్కర్లేదు. భుజం మాత్రం మనది కాదనుకోవాలి. చివరికి కుదిరిన పద్ధతి: మూడొంతులు చేతిమర, ఒక వంతు గ్రైండర్. మెత్తటి భాగం జిగురు ఇస్తుంది, బరక భాగం గుల్లదనం ఇస్తుంది.

డిసెంబరు రెండో వారం: కొవ్వు, గాలి

కిలో తాజా మసాకు 300 గ్రాముల కొవ్వు, 250 మిల్లీలీటర్ల రసం, 15 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల బేకింగ్ పౌడర్. క్రమం ముఖ్యం. ముందు కొవ్వును ఒక్కదాన్నే తెల్లగా, నురగలా అయ్యేదాకా గిలక్కొట్టాలి. తర్వాత మసాను గుప్పెడు గుప్పెడుగా, మధ్యమధ్య రసం పోస్తూ కలపాలి. రసం వేడిగా ఉంటే కొవ్వు కరిగి, పట్టిన గాలంతా పోతుంది.

చాలిందా లేదా అని తెలుసుకోవడానికి చన్నీళ్ల గ్లాసు పరీక్ష. చిన్న గోళీ అంత పిండిని నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా కొట్టాలి. మసా నీటికంటే బరువైనది, దాన్ని పైకి తేల్చేది కొవ్వూ, అందులో చిక్కిన గాలీ. అంటే ఆ గ్లాసు మనకు చూపేది గాలి లెక్క. పంది కొవ్వు కలిపిన మసా పదిహేను నిమిషాల్లో తేలింది.

అమ్మ వంతు మసా దగ్గర అసలు ప్రాజెక్టు మొదలైంది. నెయ్యి వాడాలని అమ్మ కోరిక. చలికి గడ్డకట్టిన నెయ్యి పూసపూసగా ఉండి గాలిని అంతగా పట్టదు, చేతి వేడికే కరిగిపోతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, దాని వాసన మొక్కజొన్నను మింగేస్తుంది. వనస్పతి లాంటి శాకాహారపు కొవ్వు గాలిని బాగా పట్టింది, రుచి శూన్యం. రెండొంతులు శాకాహారపు కొవ్వు, ఒక వంతు నెయ్యి కలిపినప్పుడు ముద్ద గ్లాసు అడుగుకు వెళ్లి, ఒక్క క్షణం ఆలోచించి, పైకి వచ్చింది. అమ్మ గ్లాసు వైపు చూసి, “వచ్చిందిరా, మొండిది” అంది. కలిపిన పిండిని గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, మరో నాలుగు చెంచాల కూరగాయల రసంతో మళ్లీ కొడితే ఇంకా తేలికపడింది. ఈ రెండోసారి కొట్టడం రెండు రకాలకూ మేలు చేసింది.

పంది కొవ్వు లేనిది అసలైన తమాలే కాదని ఈ ఊళ్లో కొందరి పట్టుదల. చరిత్ర వాళ్ల వైపు లేదు. పందులు ఆ నేల మీదికి స్పెయిన్‌వాళ్లతో వచ్చాయి, తమాలే అంతకు ఎంతో ముందే ఉంది. గ్వాటెమాలాలోని సాన్ బర్తోలో అనే చోటి మాయా నాగరికత కుడ్యచిత్రాలు దాదాపు క్రీ.పూ. 100 నాటివి. వాటిలో ఒక స్త్రీ చేతిలో తమాలేల బుట్ట కనబడుతుంది. పిండి గుల్లబారడానికి తెకెస్కీతే అనే క్షారపు ఉప్పును తోమాతియో (పచ్చి టమాటాలా ఉండే కాయ) పైతొడుగులతో కలిపి మరిగించి, ఆ నీటిని వాడే పద్ధతి మెక్సికోలో ఇప్పటికీ ఉంది. కాబట్టి అమ్మ కోసం చేసినదాన్ని రాజీ వంట అనడానికి నేను ఒప్పుకోను.

డిసెంబరు మూడో వారం: కూరలు

క్లుప్తంగా. ఎర్ర కూర: కిలోన్నర పంది భుజం మాంసం ఉడికించి పీచులుగా విడదీయడం. గువాహీయో, ఆంచో మిరపకాయలు చెరో 60 గ్రాములు గింజలు తీసి, పెనం మీద వాసన వచ్చేదాకా వేయించి, వేడినీళ్లలో నానబెట్టి, వెల్లుల్లి, జీలకర్ర, ఓరెగానోతో రుబ్బి, వడగట్టి, కొవ్వులో మగ్గించడం. మాంసం ఉడికిన నీళ్లే పిండిలోకి రసం. 120 గ్రాముల ఎండుమిర్చి అనేసరికి అమ్మ కళ్లు పెద్దవి చేసింది. ఈ మిరపకాయల్లో ఘాటు స్వల్పం, రంగూ పండు తీపీ ఎక్కువ. వీటి బదులు గుంటూరు మిర్చి అదే కొలతలో పడితే అంబులెన్సు పిలవాల్సిందే.

శాకాహార కూర: పోబ్లానో అనే పెద్ద పచ్చ మిరపకాయలు మంట మీద నల్లగా కాల్చి, పొర తీసి, నిలువుగా చీరి, వాటి పక్కన కరిగే చీజ్ ముక్క. వీటిని రాహాస్ అంటారు. ఆంచో కూడా ఎండిన పోబ్లానోనే, కాబట్టి రెండు తమాలేలూ ఒకే మొక్కకు పుట్టినవి. వీటిలో కారం లేదని అమ్మ ఫిర్యాదు. పచ్చిమిర్చి చీలిక ఒకటి చేర్చాం.

డిసెంబరు 23: చుట్టడం

ఈ పని ఒంటరిగా చేయకూడదు. మెక్సికన్ ఇళ్లలో నలుగురూ చేరి చుట్టే ఈ రోజును తమలాదా అంటారు. మా బల్ల దగ్గర పక్కింటి పెద్దావిడ, ఆవిడ మనవరాలు, అమ్మ, మా ఆవిడ, నేను.

వేడినీళ్లలో గంట నానిన ఆకు తోలులా మెత్తబడుతుంది. దానికి రెండు ముఖాలు. ఒకవైపు ఈనెలు చేతికి తగులుతాయి, రెండోవైపు నున్నగా ఉంటుంది. మసా నున్నటి వైపే రాయాలి, లేకపోతే ఉడికాక ఈనెల్లో అతుక్కుపోతుంది. వెడల్పు అంచు నుంచి మొదలుపెట్టి, చెంచా వెనకవైపుతో పిండిని కిందికి లాగాలి. తోకవైపు మూడో వంతు ఖాళీ వదలాలి. పెద్దావిడ చెంచా ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు వెళ్తుంది, అంతే, పిండి అంచులు గీత గీసినట్టు వస్తాయి. నా చెంచా వెనక మాత్రం పిండి లేచి మళ్లీ దానికే అంటుకుంటోంది. చెంచాను రసంలో ముంచుతూ ఉండాలని మనవరాలు చెప్పాక దారికొచ్చింది. నడుమ కూర గీతలా పెట్టి, ఒక అంచు ఎత్తి మసాకు మసా తగిలేలా మూసి, రెండో అంచు దాని మీదికి చుట్టి, తోక వెనక్కి మడవడం.

నేను మసా వేలి మందం వేస్తుంటే పెద్దావిడ ఊరుకోలేదు. “ఎక్కువైంది, మిహో (నాయనా)” అని స్పానిష్‌లో అంటూ సగం గీకేశారు. ఆ భాషలో ఒక్క ముక్క రాని మా అమ్మ, “ఆవిడ చెప్పినట్టు చెయ్యరా” అని ఆవిడ వైపే తిరిగింది. ఇద్దరికీ చేతులు చూసుకుంటే చాలు, మాట అక్కర్లేదు. చివరికి మాంసం తమాలేలు మోంతెర్రేయ్ పద్ధతిలో సన్నగా, అమ్మవి నా పద్ధతిలో బొద్దుగా అని ఒప్పందం. శాకాహారపు వాటికి గుర్తుగా ఆకు పీలికతో నడుము కట్టాం.

మిగిలిన మసాలో తురిమిన పిలోన్సీయో, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క కలిపి తీపివి కూడా చుట్టాం. పిలోన్సీయో అంటే శంకువు ఆకారంలో పోసిన చెరకు బెల్లం. అమ్మ వాసన చూసి ఏలకులు లేని వెలితి గుర్తించింది. ఏలకులు వేయనివ్వలేదు. ఒక వంటను దాని ఊళ్లో ఉండనివ్వాలని నా పంతం.

డిసెంబరు 24: ఆవిరి

ఇడ్లీ పాత్ర ఎత్తు చాలదు. లోతైన తపేలాలో చిల్లుల పళ్లెం, కింద నాలుగు అంగుళాల నీళ్లు, నీళ్లలో ఒక పావు డాలరు నాణెం. నీళ్లు మరుగుతున్నంతసేపూ నాణెం గలగలమంటుంది. శబ్దం ఆగిందంటే నీళ్లు అయిపోవచ్చాయి, వెంటనే వేడినీళ్లు పోయాలి. చన్నీళ్లు పోస్తే ఆవిరి తెగిపోతుంది. తమాలేలను నోళ్లు పైకి ఉండేలా నిలబెట్టి, మీద మిగిలిన ఆకులు, తడిగుడ్డ, మూత. మాంసం తమాలేలు గంటా పది నిమిషాలు, అమ్మవి గంటన్నర.

పాత్ర చెవులకు పెద్దావిడ ఆకు పీలికలు కట్టారు. కట్టకపోతేనూ, చుట్టేచోట ఎవరైనా కోపంగా ఉంటేనూ తమాలేలు ఉడకవట. ఇలాంటి నమ్మకాలు పాతవే. గిన్నెకు అతుక్కున్న తమాలే తిన్న మగవాడి బాణం గురి తప్పుతుందని, స్పెయిన్‌వాళ్లు రాకముందు మెక్సికోను ఏలిన అస్తెక్కులు అనుకునేవారని పదహారో శతాబ్దపు సన్యాసి బెర్నార్దినో దే సహాగున్ రాసిపెట్టాడు. మా ఇంట్లో బాణాలు లేవు కాబట్టి అతుక్కున్నవి నాకే దక్కాయి.

ఉడికిందో లేదో తెలిసేది ఆకు విప్పినప్పుడే. మసా ఏమీ అంటకుండా ఆకు ఊడివస్తే అయిపోయినట్టు. దించాక పావుగంట ఆగాలి, అప్పటికి గాని ముద్ద బిగుసుకోదు. అమ్మది విప్పితే చీలిక దగ్గర సన్నని రంధ్రాలు, లోపల తెల్లటి ఆవిరి, చీజ్ తీగ సాగింది. నెయ్యి వాసన ముందు, మొక్కజొన్న వాసన వెనక. పెద్దావిడ అది ఒకటి తిని, ఇంకొకటి తీసుకున్నారు. పిండి ఎక్కువైందన్న మాట మళ్లీ రాలేదు.

విందుకు పిలిచిన తెలుగు స్నేహితులకు ముందే చెప్పాం, ఆకు తినకూడదని. నవ్వకండి. 1976 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారానికి ఇదే ఊరు వచ్చిన అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, ఆలమో అనే చారిత్రక కోట దగ్గర తమాలేను ఆకుతో సహా కొరికి పత్రికలకు ఎక్కాడు.

తోడుగా చంపుర్రాదో: చెంచాల కొద్దీ మసాను నీళ్లలో కరిగించి, మెక్సికన్ చాక్లెట్, పిలోన్సీయో, దాల్చినచెక్కతో మరిగించే చిక్కటి పానీయం. పిండి తమాలేకు పిండి పానీయం తోడేమిటని అనుకున్నవాళ్లే రెండో కప్పు అడిగారు.

డిసెంబరు 25 ఉదయం

నిలవున్న తమాలే తాజాదానికంటే బాగుంటుందని నా తీర్పు. ఆకు తీయకుండా పొడి పెనం మీద సన్నని సెగన తిప్పుతూ కాల్చాలి. ఆకు నల్లబడుతుంటే లోపల మసా అంచులు కరకరలాడేలా ఎర్రబడి పొగ వాసన పట్టుకుంటాయి. పక్కన గుడ్డు, కాస్త ఎర్ర కారం. మెక్సికో నగరంలో తమాలేను రొట్టెలో పెట్టి గువాహోలోతా అని పొద్దున్నే వీధుల్లో అమ్ముతారు. అదీ చేసి చూశాం. ఒకటి తింటే మధ్యాహ్న భోజనం మరిచిపోవచ్చు. మిగతావి డజన్ల చొప్పున సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టాం. కరిగించకుండా నేరుగా ఆవిరికి పెడితే ఇరవై అయిదు నిమిషాలు చాలు.

జనవరి 6

ముగ్గురు రాజుల పండుగ. రోస్కా అనే గుండ్రని తీపి రొట్టెలో చిన్న శిశువు బొమ్మ దాస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న, కందెలారియా పండుగనాడు అందరికీ తమాలేలు పెట్టాలి. పెద్దావిడ ఇంట్లో కోసిన రోస్కాలో బొమ్మ మా ఆవిడకు దొరికింది. ఆ మాట వినగానే నేను చేతిమర ఎక్కడుందో చూసుకున్నాను.

ఈసారి దక్షిణ మెక్సికోలోని ఓహాకా పద్ధతిలో, అరిటాకులో. అరిటాకులు ఇక్కడ గడ్డకట్టిన కట్టలుగా దొరుకుతాయి. మంట మీద రెండువైపులా చూపించి మెరుపు వచ్చాక మడిస్తే చిరగవు, ఇది అమ్మకు నేర్పక్కర్లేని పని. ఆకు వెడల్పు కాబట్టి చెంచా అవసరం ఉండదు, మసాను చేత్తోనే పలచగా పరచవచ్చు. అందుకు పిండి ఇంకాస్త జారుగా ఉండాలి. కిలోకు 350 మిల్లీలీటర్ల రసంతో మొదలుపెడతాను. నెయ్యి వంతు సగానికి పెంచాలని అమ్మ పట్టుబడుతోంది. గ్లాసులో తేలితే ఒప్పుకుంటానని చెప్పాను.